ఇప్పుడే నీళ్లు పోసుకున్నది

మా ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ఆదివారం పొద్దున నేను నిజంగానే నీళ్లు పోసుకున్నాను. బకెట్ నిండా వేడినీళ్లు, గిన్నెలో కుంకుడు రసం, తలంటు. జనగామలో మేం అద్దెకుంటున్న ఇంట్లో బాత్రూం తలుపుకు గడియ సరిగా పడదు. అందుకని ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో పోసుకున్నాను. స్నానం చేశాననడానికి ఇంతకన్నా ఏం చెప్పాలి.

కానీ మన తెలుగులో ఆడది నీళ్లు పోసుకుంటే ఒకటి, ఫలానా ఆమె నీళ్లు పోసుకుంది అని నలుగురూ చెప్పుకుంటే ఇంకొకటి. మొదటిది స్నానం. రెండోది కడుపు. నేను బడిలో తెలుగు చెప్తాను. తొమ్మిదో తరగతికి జాతీయాల పాఠం వచ్చినప్పుడు, పదాలను విడదీసి చూడొద్దు, కలిస్తే ఏమర్థం వస్తుందో చూడండి అని బల్ల గుద్ది మరీ చెప్తాను. ఆ పాఠం మా ఆయనకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. పెళ్లయి నాలుగేళ్లు దాటింది. నాకు పీసీఓఎస్. హనుమకొండలో నేను చూపించుకునే డాక్టరమ్మ దాన్ని తెలుగులో నీటి బుగ్గలు అంటుంది. మామూలుగా అయితే నెలకో గుడ్డు పెరిగి బయటపడాలి. నా అండాశయాల్లో అన్నీ తలా కాస్త పెరుగుతాయి, ఏది ముందు కదలాలో తేలక బస్సెక్కే చోట జనంలాగా అక్కడే నిలబడిపోతాయి. దాంతో నాకు నెలసరి నెలనెలా రాదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఒకసారి రెండు నెలలకు, ఒకసారి నాలుగు నెలలకు. నెల తప్పింది అంటే లోకానికి శుభవార్త, నాకు మాత్రం మామూలు వార్త. పెళ్లైన కొత్తలో ప్రతి ఆలస్యానికీ ఆశపడి టెస్టు కిట్టు కొనేదాన్ని. చివరికి మెడికల్ షాపాయన నన్ను చూడగానే ఏం కావాలని అడక్కుండా అదే తీసి బల్ల మీద పెట్టేవాడు. అప్పటినుంచి షాపు మార్చాను.

వానాకాలం మొదట్లో డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. అయిదు కిలోలు తగ్గి రావాలి. అన్నం తగ్గించాలి, తీపి మానాలి, రోజూ నడవాలి, షుగర్ వాళ్లు వేసుకునే గోలీ వేసుకోవాలి. దసరా అయ్యాక చూస్తుంది. తగ్గితే గుడ్డు పెరగడానికి మందు మొదలుపెడుతుంది, తగ్గకపోతే మళ్లీ మాట్లాడుకుందాం అంది. నాకు ముప్ఫై రెండు నిండాయి. మళ్లీ మాట్లాడుకునే ఓపిక నాకు లేదు. పిల్ల కావాలో పిల్లాడు కావాలో అని కూడా కాదు, నన్ను అమ్మా అని పిలిచే ఒక మనిషి కావాలని నాకు కడుపులోంచి ఉంది. అందుకని తెల్లారకముందే లేచి కాలేజీ గ్రౌండులో చుట్లు కొట్టేదాన్ని. ఒక నెలలో కిలోన్నర తగ్గాను. పంజాబీ డ్రెస్సు నడుము దగ్గర వదులైతే, ఆ వదులును మా ఆయనకు పట్టి చూపించాను.

మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. అక్కడే క్వార్టర్‌లో ఉంటాడు, వారంలో సెలవు దొరికిన రోజు పరకాల మీదుగా బస్సులు మారి జనగామ వస్తాడు. ఆ ఆదివారం అలాగే వచ్చాడు. నాకు ఆ వారమే, చాలా రోజుల తర్వాత, నెలసరి వచ్చింది. అయిదో రోజు తలకు పోసుకుంటున్నాను. అప్పుడు ఫోను మోగింది. చేసింది మా చిన్నత్తమ్మ, అంటే మా అత్తమ్మ చెల్లెలు. అత్తమ్మా చిన్నత్తమ్మా ఇద్దరిదీ నర్మెట్టే, రెండు వాడల తేడా.

"కోడలు పిల్ల ఏం చేస్తున్నది" అని ఆమె అడిగింది.

మా ఆయన నిజం చెప్పే మనిషి. తలకు పోసుకున్నది అందామనుకున్నాడట. కానీ అలా అంటే నెలసరి సంగతి పిన్నికి తెలిసిపోతుంది, సిగ్గేసింది. అందుకని ఆ తలను తీసేసి అక్కడ నీళ్లు పెట్టాడు.

"ఇప్పుడే నీళ్లు పోసుకున్నది చిన్నమ్మా. ఎంటికలు ఆరబెట్టుకుంటున్నది, ఆగు పిలుస్త" అన్నాడు.

ఇందులో మొదటి ముక్క నర్మెట్ట చేరింది. రెండో ముక్కకు సిగ్నల్ పోయింది. ఆయన ఇంకాసేపు చచ్చిన ఫోనుతో మాట్లాడి, మళ్లీ చేస్తుందిలే అనుకుని, నాకు చెప్పడం కూడా మరిచిపోయి, మధ్యాహ్నం అన్నం తిని భూపాలపల్లి బస్సెక్కాడు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి మా అత్తమ్మ గుమ్మం ముందు కూర్చుని ఉంది. పక్కన రెండు సంచులు. మామూలుగా మా అత్తమ్మ నన్ను చూడగానే ఇల్లు ఊడ్వలేదనో, చెప్పులు అడ్డం పెట్టాననో మొదలుపెడుతుంది. ఆ రోజు నన్ను చూసి నవ్వింది. ఎవరో పోయారనుకున్నాను. లోపలికి వెళ్లి చీపురు పట్టుకున్నానో లేదో లాగేసుకుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"నాకెందుకు చెప్పలే బిడ్డా. నేనేమన్న పరాయిదాన్నా" అంది.

నా చెయ్యి తల వెనక క్లిప్పు మీదికి పోయింది. ఎందుకంటే అంతకుముందు వారమే నేను నడుము దాకా ఉన్న జడను బ్యూటీ పార్లర్‌లో కత్తిరించేశాను. నీటి బుగ్గల పుణ్యమా అని జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే విసుగొచ్చి చేసిన పని. అత్తమ్మకు తెలిస్తే గొడవ చేస్తుందని ముడి వేసి క్లిప్పు పెట్టి తిరుగుతున్నాను.

"ఎట్ల చెప్పాలో తెల్వలే అత్తమ్మా. కోపం చేస్తవనుకున్న" అన్నాను.

"కోపమెందుకే. గింతకన్న సంతోషమేముంటది నాకు. ఎంతున్నది ఇప్పుడు?"

"భుజాల దాకా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నా పొట్ట వైపు చూసింది. మళ్లీ మొహంలోకి చూసింది.

"ఎన్నో నెలే అని అడుగుతున్న" అంది.

అప్పుడు అర్థమైంది. చిన్నత్తమ్మ ఫోను సంగతి ఆమె నోటి నుంచే బయటికి లాగాను. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, రెండూ ఆపుకుని నిమ్మళంగా చెప్పాను.

"లేదు అత్తమ్మా. మీ కొడుకు చెప్పింది తానం సంగతి. నాకు మొన్ననే నెల వచ్చింది. తలకు పోసుకున్న. గంతే."

అత్తమ్మ మొహంలో నేను అనుకున్న చీకటి రాలేదు. అదే నవ్వు ఇంకా పెద్దదైంది. ముందుకు వంగి, పక్కింటికి వినబడకుండా గొంతు తగ్గించింది.

"గట్లనే అనాలె. మూడు నెలలు నిండేదాక ఎవ్వలడిగినా లేదనే అనాలె. నాకు మా అత్త గిదే చెప్పింది. నాకు గూడ చెప్పకు."

అక్కడ నేను ఇరుక్కుపోయాను. మా వైపు తొలి నెలల్లో కడుపు సంగతి బయట పెట్టరు, దిష్టి తగులుతుందని. అడిగితే లేదనడమే మర్యాద. కాబట్టి ఉన్నదాన్ని ఉన్నది అంటే ఉన్నట్టు, లేదు అన్నా ఉన్నట్టే. లేనిదాన్ని లేదని చెప్పడానికి మాత్రం మా భాషలో మాటే లేకుండా పోయింది. ఎంత గట్టిగా లేదంటే అంత బుద్ధిమంతురాలు అని మెచ్చుకుంటారు. పోనీ నెలసరి వస్తే తేలిపోతుంది కదా అంటే, ఏ ఆడదానికైనా తేలుతుంది, నాకు తేలదు. నాది మళ్లీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు.

మా అమ్మకు ఫోను చేశాను. మా పుట్టిల్లు దంతాలపల్లి. నేను నోరు తెరవకముందే ఆమె ఏడుస్తోంది. మా నాయిన మానుకోట మార్కెట్‌కు పోతే అక్కడ ఎవరో నర్మెట్ట చుట్టరికం ఉన్నాయన చెప్పాడట.

"అమ్మా, నిజంగ లేదే" అన్నాను.

"లేదు బిడ్డా, లేదు. నేను గూడ అందరికి లేదనే చెప్తున్న" అంది అమ్మ. అంటే అందరికీ చెప్పేసిందన్నమాట.

మా ఆయనకు ఫోను చేసి తిట్టాను. తెలుగులో ఎన్ని తిట్లున్నాయో నాకు ఉద్యోగరీత్యా తెలుసు, ఏదీ మిగల్చలేదు. ఆయన అంతా విని, "స్నానం అనలేకపోయినవా అంటవ్. అనొచ్చు. తోచలే" అన్నాడు. అప్పటికే గనిలో ఆయన షిఫ్టు వాళ్లంతా చేతులు పట్టుకుని ఊపేశారట. లేదురా అంటే ఎంత దాస్తవ్ అంటున్నారట. "నేను లేదంటుంటే వాళ్లకు ఇంకింత నమ్మకం పెరుగుతుంది. ఏం చేద్దామే" అన్నాడు. మొగుడూ పెళ్లాలం చెరో ఊళ్లో కూర్చుని ఒకటే మాట పట్టుకుని ఊరూరికీ చెప్పినా మా మాట చెల్లలేదు.

అత్తమ్మ నర్మెట్ట తిరిగి వెళ్లలేదు. నన్ను చూసుకోవడానికి ఉండిపోయింది. రెండు సంచుల్లో ఒకదాన్నిండా నెయ్యి, బెల్లం, పల్లీలు, నువ్వులు. నాకు డాక్టరమ్మ ఏవేవి వద్దందో అవన్నీ ఆ సంచిలో ఉన్నాయి. పొద్దున అన్నం, మధ్యాహ్నం డబ్బాలో అన్నం, రాత్రి అన్నం. కంచంలో కొంచెం తగ్గించి పెట్టుకుంటే, ఇద్దరికి తినాలె అని ఇంకో గంటె వేసేది. షుగర్ గోలీ చూసి, గిదేందని అడిగింది. డాక్టరిచ్చిందంటే బలానికని అనుకుని, అది వేసుకున్నాక దాని మీద ఒక పల్లిపట్టీ పెట్టేది.

నా నడకకు మొదటి రోజే అడ్డు పడింది. తెల్లవారుజామున లేచి చూస్తే బూట్లు లేవు. బియ్యం డబ్బాలో దాచిందని తర్వాత తెలిసింది. బడికి తొందరగా పోవాలి, స్పెషల్ క్లాసులున్నాయి అని చెప్పులతోనే గ్రౌండుకు వెళ్లాను. రెండో రోజు ఆమె మా ఇంటి ముందు ఆటోను నిలబెట్టింది. అందుకని క్లాసులోనే నడవడం మొదలుపెట్టాను. బెంచీల మధ్య ముందుకూ వెనక్కూ తిరుగుతూ పాఠం చెప్పేదాన్ని. మూల బెంచీ పిల్లలు కూడా పుస్తకం తెరిచి కూర్చునేవాళ్లు. ఆ రెండు నెలల్లో జరిగినంత శ్రద్ధగా నా తెలుగు క్లాసు ఎప్పుడూ జరగలేదు. కానీ అక్కడా వార్త చేరిపోయింది. హెడ్మాస్టర్ గారు పిలిచి, మేడం, మీరు ఇక నిలబడి చెప్పక్కర్లేదు అని నా క్లాసుకు చేతుల కుర్చీ పంపించారు. పిల్లలు సీతాఫలాలు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. సీతాఫలం నాకు ప్రాణం. డాక్టరమ్మ నా తిండి చీటీలో దాని పేరు మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టింది. ఒక్కోరోజు ఎదురుగా సీతాఫలాల వాసన, వెనక చేతుల కుర్చీ, రెండింటి మధ్య నేను ఉపవాసంలాగా పాఠం చెప్పేదాన్ని. కొన్ని రోజులు ఓడిపోయాను కూడా.

చివరికి సైన్సుతో తేల్చుకుందామని కొత్త మెడికల్ షాపులో టెస్టు కిట్టు తెచ్చి అత్తమ్మ ముందే చేశాను. రెండు గీతలొస్తే కడుపు, ఒకటే వస్తే లేనట్టు అని ముందే వివరంగా చెప్పాను. ఒకటే వచ్చింది. కళ్లకు దగ్గరగా పెట్టి చూపించాను.

"ఒకటంటె ఒకటే. నాకేమన్న కవలలు కావాల్నని అడిగిన్నా" అంది అత్తమ్మ.

మా వాడలో ఆశ కార్యకర్త ఒకామె ఉంది, నేను అక్కా అంటాను. ఆమె ఇంటికొచ్చి పేరు రాసుకుంటానంది. నేను లేదక్కా అంటే ఆమె మాత్రం నమ్మింది, ఎందుకంటే ఆమెకు వారంలో పది మంది లేదని చెప్తారు, అందులో ఎవరిది నిజమో మొహం చూస్తే తెలుస్తుందట. పుస్తకం మూసేసి, "మరి మీ అత్తకు చెప్పకపోయినవా" అంది. చెప్పాను అన్నాను. లోపల అత్తమ్మ నువ్వులు దంచుతున్న చప్పుడు వింటూ ఆమె తల ఊపి, ఛాయ్ తాగి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు అత్తమ్మ ఆమె చేతిలో రెండు నువ్వుండలు పెట్టింది.

ఇదంతా నవ్వులాటే అని చెప్పలేను. ఆ రెండు నెలలూ నన్ను మా అత్తమ్మ చూసుకున్నట్టు నా జీవితంలో ఎవరూ చూసుకోలేదు. సాయంత్రం కాళ్లకు నూనె రాసేది. వద్దంటే వినేది కాదు. నాలుగేళ్లుగా ఆమె నోటి నుంచి నాకు వచ్చింది, అందరి కోడళ్లు ఇట్లుంటే నువ్వు అట్లున్నవ్ అనే మాట. ఇప్పుడు బిడ్డా తప్ప ఇంకో మాట లేదు. నాకు ఆశ పుట్టింది. ప్రేమకే పుట్టిందో, ఆ నూనె వేడికి పుట్టిందో తెలియదు. నెల దాటింది, రెండో నెల నడుస్తోంది, నెలసరి రాలేదు. నాకది మామూలే అని నాకు తెలుసు. తెలిసినా, ఒక పూట చేయి పొట్ట మీదికి దానంతట అదే పోయింది. ఇంతమంది ఉన్నదంటున్నారు కదా, ఏమో, ఆ ఆదివారం తర్వాతే ఏమైనా జరిగిందేమో అనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఇంకో కిట్టు తెచ్చుకుని, ఒక చేత్తో బాత్రూం తలుపు పట్టుకుని ఇంకో చేత్తో ఆ పట్టీని వెలుగుకు పెట్టి చూశాను. ఒకటే గీత. వార్త పుట్టిన బాత్రూములోనే నేను ఏడ్చాను. బయట అత్తమ్మ, "జారుతది బిడ్డా, నిమ్మళంగ" అంటోంది.

దసరా అయ్యాక హనుమకొండ వెళ్లాలి. అత్తమ్మ వస్తానంది. రానీ అనుకున్నాను. నా నోరు నమ్మకపోతే డాక్టరు నోరైనా నమ్ముతుంది. మా ఆయన భూపాలపల్లి నుంచి నేరుగా వస్తానన్నాడు కానీ ఆ రోజు సెలవు దొరకలేదు. అత్తమ్మా నేనూ బయల్దేరాం. బస్సులో ఆమె నా పక్కన సీటు ఎవరికీ ఇవ్వకుండా సంచి పెట్టి కూర్చుంది.

దవాఖానలో ముందు బరువు చూసే మెషీను. ఎక్కాను. డాక్టరమ్మ కళ్లద్దాల మీదుగా చూసింది.

"తగ్గి రమ్మంటే పెరిగి వచ్చినవేందమ్మా. రెండు కిలోలు ఎక్కువున్నవ్."

"పెరగదా మరి" అంది అత్తమ్మ సంతోషంగా.

స్కానింగ్ గది ముందు మాలాంటి వాళ్లు వరుసగా కూర్చుని, చేతుల్లో నీళ్ల సీసాలతో, మూత్రం ఆపుకుని, ఎవరి పేరు పిలుస్తారా అని కాళ్లు ఊపుకుంటున్నారు. ఎవరైనా జోకు చెప్తే అందరం నాశనమయ్యేవాళ్లం. నా వంతు వచ్చింది. నేను బల్ల మీద పడుకున్నాను, చల్లటి జెల్ పూశారు. అత్తమ్మను బయట ఉండమంటే వినలేదు, నా తల దగ్గర నిలబడింది. స్కానింగ్ చేసే డాక్టర్ కూడా ఆడమనిషే, పోనీలే అంది. తెర మీద నలుపూ తెలుపూ కదిలింది. నల్లటి గుండ్రాలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, అంచంతా.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేలు చాపి లెక్కపెట్టింది. ఆరో ఏడో దాటాక లెక్క తప్పి డాక్టర్ వైపు తిరిగింది.

"ఇవ్వన్ని తలకాయలేనా అమ్మా? గింతమందిని ఎట్ల సాదుతం మేం?"

స్కానింగ్ డాక్టర్ చేయి ఆగిపోయింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది, మూత్రం నిండా ఉంది, నా బాధ దేవుడికే తెలియాలి.

"తలకాయలు కావమ్మా. నీటి బుగ్గలు. పెద్దగ కావాల్సిన గుడ్లు, కాకుండ ఆగిపోయినయ్" అంది ఆమె.

"మరి కడుపు?"

"కడుపు లేదమ్మా."

ఎంత మెల్లగా చెప్పినా ఆ మాట గదిలో పెద్దగా వినబడింది. నా పొట్ట మీది జెల్ తుడవమని నర్సు కాగితం ఇస్తే అది తీసుకుని అత్తమ్మే తుడిచింది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నెల రావడానికి గోలీలు రాసింది. బరువు సంగతి ఎత్తి, రెండు నెలలు వృథా చేసుకున్నవ్ అని నన్ను గట్టిగా మందలించింది. నేను తల వంచుకున్నాను. అత్తమ్మ మధ్యలో కల్పించుకుంది.

"ఆ బరువు దానిది కాదమ్మా, నాది. నేనే తినవెట్టిన. తిట్టేదుంటే నన్ను తిట్టు."

డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, తిట్టడం ఆపి, నడక ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పింది. ఆ సాయంత్రమే.

బయట బెంచీ మీద కూర్చున్నాం. అత్తమ్మ చాలాసేపు సంచి తాళ్లతో ఆడుకుంది.

"నువ్వు చెప్పినవ్. మొదటి రోజే చెప్పినవ్. నేనే ఇననైతి" అంది.

నాకు కోపం ఉండాల్సింది, రాలేదు. ఇన్ని రోజుల తర్వాత ఇంటి మనిషి ఒకరు నా మాట నమ్మేసరికి నా భుజాల మీది బరువు దిగింది. అప్పుడే మా అమ్మ ఫోను. సంగతి చెప్పాను. అమ్మ ఏడ్చి, ముక్కు చీది, వెంటనే ఉపాయం ఆలోచించింది. అమ్మ గొంతు పెద్దది, ఫోను నా చెవి దగ్గరున్నా అత్తమ్మకూ వినబడింది.

"పోయిందని చెప్దాం బిడ్డా. ఉండె, కానీ నిలవలే అని. అట్లయితే ఇజ్జత్ ఉంటది, నీకు కడుపైతదని గూడ నలుగురికి ఎర్కైతది."

ఒక్క క్షణం నాకూ అది సుఖంగా అనిపించింది. అందరూ జాలి పడతారు, ఎవరూ నవ్వరు. ఇంతలో అత్తమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"వద్దు వదినా. లేనిదాన్ని సంపుడెందుకు" అంది.

నేను రోడ్డు వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను. అత్తమ్మ మాత్రం నిజం చెప్పడానికి కూర్చుంటే ఇక ఆగదు. అక్కడికక్కడే తన ఫోను తీసి చెల్లెలికి కలిపింది. వార్త ఎక్కడ మొదలైందో అక్కడి నుంచే సాఫ్ చేయాలని ఆమె లెక్క. చిన్నత్తమ్మ ఫోను ఎత్తగానే ఊపిరాడకుండా చెప్పేసింది. కడుపు లేదు, ఎప్పుడూ లేదు, తానం సంగతిని మనం తప్పుగ ఇన్నం, పిల్లకు నీటి బుగ్గలున్నయి, మందులు నడుస్తున్నయి, ఎవ్వలకు ఏం చెప్పినవో వాళ్లందరికి మళ్ల చెప్పు.

అవతల ఏం వినబడుతుందా అని నేను అత్తమ్మ మొహం చూస్తున్నాను. చిన్నత్తమ్మ ఎగతాళి చేస్తుందనుకున్నాను. అత్తమ్మ కనుబొమ్మలు పైకి లేచాయి. ఫోనుకు చేయి అడ్డం పెట్టి నాతో గుసగుసగా అంది.

"దాని కోడలికి గూడ గవే బుగ్గలట. యాడాదిసంది వరంగల్‌ల చూపిస్తున్నరట. నాకు గూడ చెప్పలే చూడు. ఆ పిల్ల నీతోని మాట్లాడుతదట."

ఆ పిల్ల నాకు తోడికోడలు వరస. పండగలప్పుడు చూసేదాన్ని, సన్నగా, చలాకీగా, అందరికీ వడ్డిస్తూ తిరిగేది. ఆమెకు ఏ బాధా లేదనుకునేదాన్ని. నీటి బుగ్గలు లావుపాటి వాళ్లకే వస్తాయని నేనూ అనుకునేదాన్ని. ఫోను తీసుకున్నాను.

"అక్కా, నిజంగనే లేదా?"

"లేదు" అన్నాను. నాలుగు ఊళ్లలో మావాళ్లెవరూ నమ్మని మాటను ఆమె ఒక్కసారికే నమ్మింది. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

"ఏమనుకోకక్కా. నీకు విశేషమని తెల్సినకాడి నుంచి నాకు బువ్వ సయించలే. ఇంట్ల అందరు నీ ముచ్చటే. కంచం ముందట కూసుంటే గొంతు దిగకపోయేది. పాపమని తెలుసు. అయినా దిగకపోయేది."

నాకు తెలుసు. శ్రీమంతం పిలుపు వచ్చిన ప్రతిసారీ పసుపూ కుంకుమా తీసుకుని నవ్వుతూ పంపించి, తలుపేసుకుని నేను పడ్డదంతా అదే. కాకపోతే ఈసారి నా పేరు విని ఒక పిల్ల అన్నం ముందు నుంచి లేచిపోయింది. అదీ నా కడుపులో ఏమీ లేకుండానే.

"ఇప్పుడు ఆకలైతుందా?" అని అడిగాను.



"అయితుందక్కా" అంది. ఆ గొంతులో సిగ్గూ ఉంది, సంతోషమూ ఉంది. నాకు లేదని తెలిసి సంతోషపడిన మనిషి మీద నాకు కోపం రాలేదు. చెల్లెలు ఉంటే ఇలాగే ఉండేదేమో అనిపించింది.

"పొయ్యి తిను. అన్నం తక్కువ పెట్టుకో, కూర ఎక్కువేసుకో" అన్నాను.